కొంగ బొమ్మ ముద్ర

ఏడువందల ఏళ్లనాటి స్కాట్లాండ్ మైనపు ముద్ర ఉన్న గుడ్డసంచిలోంచి లుబాన్ వాసన వస్తోంది.

స్నిగ్ధ సంచిని ముక్కుకు దగ్గరగా తెచ్చుకుని ఇంకోసారి పీల్చింది. సందేహం లేదు. మస్కట్‌లో ఏ ఇంటి గుమ్మం దాటినా, ఏ ఆఫీసు లిఫ్టు ఎక్కినా పలకరించే ధూపం తాలూకు వాసనే. కానీ ఈ సంచి వచ్చింది ఇంగ్లండ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఓ చలి ఊరి నుంచి. ఆదివారం పెట్టె తెరిచింది స్నిగ్ధే. అప్పుడు దీనికి పాత ఉన్ని వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఇవాళ బుధవారం. స్టాండు చేయించడానికి వర్క్‌షాపుకు పంపితే ఈ పొద్దునే తిరిగొచ్చింది. ఈ మూడు రోజుల్లో ఎవరో సంచి మూతి విప్పారు.

విప్పకూడదు. వస్తువును ఎరువిచ్చిన కుటుంబం పెట్టిన షరతు ఒక్కటే: ముద్ర సంచిని మా ఇంటివాళ్లే తెరవాలి. ఆ ఇంటి పెద్దావిడ ఎల్‌స్పెత్ నిన్న రాత్రి విమానంలో దిగింది. రెండు గంటలకు మ్యూజియంకు వస్తుంది. రేపు ప్రదర్శన మొదలు.

ఒమాన్ కోటల్నీ స్కాట్లాండ్ కోటల్నీ పక్కపక్కన పెట్టి చూపించే ప్రదర్శన అది. మ్యూజియం ఓ ప్రైవేటు సంస్థది. పాత కాగితాలకూ తోళ్లకూ వైద్యం చెయ్యడం స్నిగ్ధ ఉద్యోగం. హైదరాబాద్‌లో చదువుకుని ఆరేళ్ల కిందట ఇక్కడికొచ్చింది. ప్రదర్శన మొత్తానికి తలమానికం ఆమె ముందున్న ఈ గొర్రెతోలు ఉత్తరం. అరచేతి వెడల్పున నాలుగు పంక్తులు. కింద తోలు పట్టీకి వేలాడుతూ, ఉన్ని సంచిలో ముద్ర.

1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లాండ్ మీద పడ్డాడు. బెరిక్ పట్నాన్ని ఊచకోత కోశాడు. స్కాట్లాండ్ రాజు అంగీ మీది రాజచిహ్నాలు పీకించాడు. ఆ దేశపు రాజులు పట్టం కట్టుకునే రాయిని బండికెక్కించుకుని తీసుకుపోయాడు. తర్వాత భూమి ఉన్న ప్రతివాళ్లనూ పిలిపించి, లొంగి ఉంటామని రాసి ముద్ర వెయ్యమన్నాడు. సంతకాలు లేని కాలం. ముద్రే మనిషి, ముద్రే మాట. ఎడ్వర్డ్ ముందు అలా తల వంచిన వందలమందిలో మేరియొట అనే చిన్న భూస్వామురాలు ఒకతె. ఈ ఉత్తరం ఆమెది.

గదిలోకి విశ్వేశ్వరరావు వచ్చాడు. మ్యూజియంలోకి వచ్చే ప్రతి వస్తువుకూ, పోయే ప్రతి వస్తువుకూ ఆయనే జవాబుదారీ. గుంటూరాయన. చేతిలో వస్తువు స్థితి రాసే ఫారం ఉంది.

"సంతకం పెడతావామ్మా?"

"సార్, సంచి ఎవరో తెరిచారు."

ఆయన ఫారం బల్లమీద పెట్టాడు. కూర్చోలేదు.

"ఏందీ?"

"వాసన చూడండి."

ఆయన చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంక చూసేదేముంది? ఎవరో నాకు తెలుసు. పొద్దున ఎనిమిదింటికి అమెరాత్‌లో మన వర్క్‌షాపు నుంచి బండి బయల్దేరింది. ముప్పావుగంట దారి. దొరగారు తొమ్మిదీ నలభైకి వచ్చాడు. ఏవయ్యా ఇంతసేపు అంటే తల గోక్కుంటాడు. ఆ బండెక్కితే పొగ, లుబాన్ పొగ, దర్గాలో కూర్చున్నట్టు ఉంటది."

"ఇనాయత్ పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నాడు సార్."

"అందుకే ధైర్యం పెరిగింది. ఏవుందో చూద్దామని విప్పి ఉంటాడు. వాడు ఆలస్యంగా వచ్చిన సంగతి ముదీర్‌కి, మన డైరెక్టరుకే, అప్పుడే చెప్పేశా. దారిలో జరిగిందని నువ్వు రాసి సంతకం పెడితే సాయంత్రానికి వాడి వీసా క్యాన్సిల్ కాగితం కదులుతుంది. ఆ ముసలావిడకు మనం చూపించడానికి ఒక మనిషి ఉంటాడు."

"జరిగింది దారిలోనే అని నాకు తెలియదు."

"తెలియకపోతే రాయకూడదని ఎక్కడన్నా ఉందా? చూడమ్మాయ్, ఎవరో ఒకరి పేరు రాయకపోతే అందరం పోతాం. నీ పేరు, నా పేరు, అమెరాత్‌లో ఆ వడ్రంగి పేరు. ఒంటిగంటన్నరకు వస్తా. పెన్ను ఇక్కడే పెట్టి పోతున్నా."

నిజంగానే పెన్ను పెట్టి వెళ్లాడు.

* * *

సరుకు దింపే చోట ఇనాయత్ బండి బానెట్ తుడుస్తున్నాడు. మెరుస్తున్న బానెట్‌నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, పాతబస్తీవాడు. స్నిగ్ధను చూడగానే గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఖసమ్ మేడమ్, నేను డబ్బా ముట్టలే."

"ముట్టావని నేననలేదు కదా ఇనాయత్ భాయ్. ఎక్కడ ఆగావు?"

"ట్రాఫిక్."

"గంట ట్రాఫిక్? అమెరాత్ కొండ దిగడానికి?"

"లారీ పల్టీ కొట్టింది మేడమ్."

"ఏ లారీ?"

"పెద్దది."

స్నిగ్ధ నవ్వలేదు. నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "భాయ్, పైన రావుగారు నీ వీసా కాగితం రాయిస్తున్నారు. పెద్ద లారీ, చిన్న లారీ అంటే పని కాదు."

 ఇనాయత్ గుడ్డ తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు.

"వాడి కబీర్ ఏరియాకు పోయిన మేడమ్. బిడ్డకు ఇయ్యాల ప్రాక్టికల్ ఎగ్జామ్. స్కూల్ బస్ మిస్ అయింది. ఫోన్ల ఏడుస్తుంది. ఏం జేయాలె? మ్యూజియం సామాన్ ఉన్నప్పుడు బండి ఆపొద్దు, ఎవర్నీ ఎక్కించుకోవద్దు, రూల్ నాకు తెలుసు. అయినా ఎక్కించుకున్న. స్కూల్ గేట్ కాడ దింపిన. బస్. డబ్బా ఎన్కనే ఉంది, తాళం ఏసి ఉంది, తాళంచెవి నా దగ్గర్నే లేదు. ఒకటి రావు సాబ్ దగ్గర, ఇంకోటి వర్క్‌షాపుల ఉంటది కద!"

"ఈ మాట ఆయనకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే బండి ఆపినందుకు తీసేస్తడు. చెప్పకపోతే డబ్బా తెరిచినందుకు తీసేస్తడు. ఏ సంతకం పెట్టినా నా టికెట్టే. బిడ్డకు ఇంక నాలుగు పరీక్షలున్నయ్ మేడమ్. అవన్న కానియ్యమను."

స్నిగ్ధ బండి తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. స్టీరింగ్ పక్కన ధూపం వేసే చిన్న మట్టి మజ్మర్‌లో బూడిద ఉంది. వాసన పీల్చింది. పొగ, మసి, కాస్త తీపి. బాగా కాలిన లుబాన్.

పైన సంచిలో పొగ లేదు.

ఆమె మెట్లెక్కి రిసెప్షన్ బల్లమీది గిన్నెలోంచి కాల్చని లుబాన్ పలుకు ఒకటి తీసుకుంది. గోటితో గీరి వాసన చూసింది. నిమ్మతొక్క నలిపినట్టు, పచ్చి కలప చీల్చినట్టు. పైకి వెళ్లి సంచి వాసన చూసింది. నిమ్మతొక్క. పచ్చి కలప. దాని వెనక ఇంకోటి కూడా ఉంది, సన్నగా. తేనెపట్టు వాసన.

పచ్చి లుబాన్, తేనెమైనం. ఆ రెండూ కలిపి కరిగించారు. ఇది నడుస్తున్న బండిలో అయ్యే పని కాదు.

స్నిగ్ధ ఆదివారం తీసిన ఫోటో తెరిచి సంచి పక్కన పెట్టింది. ఫోటోలో సంచి మూతికి మామూలు జారుముడి. ఇప్పుడున్న ముడి వేరు. రెండు కొసలూ లోపలికి తిప్పి, ఎంత లాగినా జారకుండా, ఒక్క కొస పట్టుకు గుంజితే మాత్రం టక్కున ఊడేలా వేసిన ముడి. వర్క్‌షాపు నుంచి వచ్చే ప్రతి పెట్టె తాడుకూ ఆమె చూసే ముడే. పడవ కట్టే ముడి. గోదారి పాయల్లో పడవలు చేసే ఇంట్లో పుట్టిన వాడొక్కడే ఆ మ్యూజియంలో ఆ ముడి వేస్తాడు.

ఆమె అమెరాత్ వడ్రంగి యేసుదాసుకు ఫోన్ చేసింది.

"దాసు గారూ, స్నిగ్ధని."

"ఆయ్, చెప్పండి మేడమ్. స్టాండు అద్దం ఒకటి మిగిలిందండి, పట్టుకొస్తన్నాను. టాక్సీలోనే ఉన్నానండి."

"ముద్ర సంచి గురించి ఒక మాట అడగాలి."

అటువైపు కొండ దిగుతున్న బండి చప్పుడు మాత్రం వినిపించింది.

"మీ బదులు ఇనాయత్‌ను పంపించేస్తున్నారు."

ఫోన్ కట్ అయింది.

* * *

ఒంటిగంటన్నరకు విశ్వేశ్వరరావు వచ్చేసరికి ఫారం ఖాళీగానే ఉంది. పెన్ను ఆయన పెట్టిన చోటే ఉంది.

"ఇనాయత్ కాదు సార్. బండిలో కాదు. తాళంచెవి అతని దగ్గర లేదని మీకూ తెలుసు."

"డ్రైవర్లకు తాళాలు తియ్యడం రాదా? సరే, వాడు కాకపోతే ఎవడు?"

స్నిగ్ధ సంచి మూతి వైపు చూసింది. ముడిని చూపించి పేరు చెప్పడం ఒక్క క్షణం పని. యేసుదాసు భార్య మణికుమారి నర్సు. కిందటేడు స్నిగ్ధకు జ్వరం వచ్చి పడిపోతే మూడు రోజులు డ్యూటీ దిగి తిన్నగా ఆమె రూమ్‌కు వచ్చి కూర్చున్న మనిషి. కానీ స్నిగ్ధ ఆగింది అందుకు కాదు. యేసుదాసు దారిలో ఉన్నాడు. తన నోటితో చెప్పుకోవడానికి ఓ అరగంట ఇవ్వాలనిపించింది.

"పేరు చెప్పు, లేదంటే సంతకం పెట్టు. రెండూ చెయ్యనంటే ఎట్టా?"

"రెండింటిలో ఏదీ ఇప్పుడు చెయ్యను సార్. సంచి ఎవరో తెరిచారని ఆవిడకు నేనే చెబుతాను. నా గదిలో ఉన్న వస్తువు. ముందు నన్నడుగుతుంది."

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడాయన. కోపం కంటే భయం ఎక్కువుంది ఆ గొంతులో. ఇంతలో లిఫ్టు తెరుచుకుంది. ఎల్‌స్పెత్ అరగంట ముందే వచ్చేసింది.

డెబ్బై దాటిన మనిషి. పొడుగు, బక్కపలచన. చేతికర్ర ఉంది గానీ దాన్ని నేలకు ఆనించడం లేదు, చంకలో పెట్టుకుంది. నమస్కారాలు అవుతుండగానే బల్ల దగ్గరికొచ్చి ఉత్తరాన్ని చూసింది. మనవరాలి తలను నిమిరినట్టు సంచిని నిమిరింది.

"మేడమ్, మీరు ముట్టుకునే ముందు ఒక విషయం..." స్నిగ్ధ మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం. నేను మొదట చేసే పని ఒకటుంది. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ మొదటి పుట్టినరోజున చేస్తాం." ఆవిడ ఉత్తరాన్ని ట్రేతో సహా చెవి ఎత్తుకు లేపించి, సంచిని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపింది.

ఏమీ వినిపించలేదు.

మళ్లీ ఊపింది. ఆవిడ నవ్వు పోయింది.

"ఇది మోగాలి," అంది.

విశ్వేశ్వరరావు స్నిగ్ధ వైపు చూశాడు. స్నిగ్ధ ఆవిడ వైపు చూసింది.

"మోగడమేమిటి మేడమ్? లోపల ఉన్నది ఒక్క ముద్రే కదా?"

"రెండు ముక్కలు. ఏడువందల ఏళ్ల నుంచీ రెండు ముక్కలే."

ఎల్‌స్పెత్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కర్ర ఒళ్లో పెట్టుకుంది. "మేరియొట భర్త డన్బార్ యుద్ధంలో చచ్చిపోయాడు. ముగ్గురు పిల్లలు. రాక్స్‌బరో కోట నుంచి ఇంగ్లీషు అధికారి కబురు పెట్టాడు. లొంగితే నీ పొలం నీకు, లేదంటే రాజుకు. ఆవిడ వెళ్లింది. తిరగబడ్డవాళ్లకు తిండి పెట్టను, నీడ ఇవ్వను అని రాయించి, తన కొంగ బొమ్మ ముద్ర వేసింది. ఆ ఉత్తరం కోటలో పెట్టెలో పడింది. పద్దెనిమిదేళ్లు."

"మాట నిలబెట్టుకుందా?" స్నిగ్ధ అడిగింది.

"మొదటి ఏడాది నిలబెట్టుకుంది. తర్వాత అడవిలోకి రొట్టెలు పంపడం మొదలుపెట్టింది. కోటకు గడ్డి పంపుతూనే. దొరికితే ఆ ఉత్తరం చూపించి ఉరి తీసేవాళ్లు. 1314లో, ఉపవాసాలకు ముందు వచ్చే మంగళవారం, కోట సైనికులు తాగి చిందులేస్తున్నారు. మా తిరుగుబాటు నాయకుడు డగ్లస్ మనుషులు నల్లటి దుప్పట్లు కప్పుకుని చేతులూ మోకాళ్ల మీద గోడ దాకా పాకారు. పైనున్న కావలివాళ్లు చూసి, ఎవరో రైతు పశువుల్ని తోలడం మర్చిపోయాడని నవ్వుకున్నారు. తెల్లారేసరికి కోట మావాళ్ల చేతిలో ఉంది. పెట్టెలు పగలగొట్టి ఎవరి ఉత్తరాలు వాళ్లకిచ్చారు. చాలామంది అక్కడికక్కడే కాల్చేశారు."

"ఈవిడ కాల్చలేదు."

"కాల్చలేదు. ముద్రను పట్టుకుని కొంగ మెడ దగ్గర విరిచింది. ఉత్తరాన్ని అలాగే ఉంచింది. కాల్చేస్తే లొంగానన్నది కూడా పోతుంది కదా. నేను లొంగాను, నేనే విరిచాను, రెండూ నా పిల్లలకు తెలియాలి అందట. అందట అనే అంటున్నాను, నేను వినలేదు." ఆవిడ సంచిని చూపించింది. "విరిగిందని మేం బయట ఎవరికీ చెప్పం. ఒకప్పుడు మూడు మ్యూజియంలకు చెప్పాం. మూడూ ఉచితంగా అతికించి ఇస్తామన్నాయి. అప్పట్నుంచీ సంచి తెరవొద్దని మాత్రం చెబుతున్నాం."

 స్నిగ్ధ సంచి దగ్గరికి వంగి మరోసారి వాసన చూసింది. తేనెమైనం, లుబాన్. అతికించారు. ఎవరో ఎంతో శ్రద్ధగా అతికించి, దాన్ని పాడు చేశారు.

విశ్వేశ్వరరావు ముందుగా తేరుకున్నాడు. "మేడమ్, మా డ్రైవర్ ఒకడు... మేం చర్య తీసుకుంటున్నాం. ఇవాళే దేశం నుంచి పంపించేస్తున్నాం. ఇనాయత్! ఇనాయత్‌ను పిలవండి!"

పిలవక్కర్లేకపోయింది. ఇనాయత్ తలుపు దగ్గరే ఉన్నాడు. అతని పక్కన, గోనెపట్టాలో చుట్టిన అద్దాన్ని గుండెకు అదుముకుని, యేసుదాసు.

"ఆడు కాదండి," అన్నాడు యేసుదాసు. "నేనేనండి."

"నువ్వు నోర్ముయ్ దాసూ, ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదండి. అందుకే మూడ్రోజులు ఊరుకున్నాను."

అద్దాన్ని గోడకు ఆనించి లోపలికొచ్చాడు. యాభైరెండేళ్లు. చేతివేళ్లు మేకుల్లా ఉంటాయి. ఎల్‌స్పెత్ ముందు నిలబడి తల వంచలేదు, తల ఎత్తలేదు, సంచి వైపే చూశాడు. స్నిగ్ధ అతని మాటల్ని ఇంగ్లీషులో చెబుతూ పోయింది. "ఎనక నిలబడి ఆవిడ చెప్పిందంతా ఇన్నానండి. నాకు ఇంగ్లీషు సగమే తెలుస్తాది. రెండు ముక్కలన్న మాట మాత్రం తెలిసిందండి."

ఎల్‌స్పెత్ అతని వైపు తిరిగింది. కోపం వచ్చిన మాట నిజం. ముక్కుపుటాలు అదిరాయి.

"పాత మైనాన్ని కరిగించావా?" అనడిగింది.

"లేదండి! ఛ, ఛ! దాన్ని ఎవరన్నా కరిగిస్తారేంటండి? విరిగిన అంచులకి జపాన్ కాగితం, అదే ఉల్లిపొరలాగా ఉంటాదే, అది అంటించేనండి. నా మైనం కాగితానికే పట్టింది. వెనకాల సన్నగా పట్టీ వేసేనండి, అంతే. స్నిగ్ధమ్మగారు మాకు చెప్పేదదే కదండి. మనం పెట్టింది ఏదన్నా రేపు ఇంకోడు తియ్యగలగాలి అని."

స్నిగ్ధ ఆ మాటను ఉన్నదున్నట్టు అనువదించింది.

"అయితే తియ్యి," అంది ఎల్‌స్పెత్. "నా ముందు."

విశ్వేశ్వరరావు ఏదో అనబోయాడు. ఆవిడ కర్రతో కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నాడు.

ముడి కొసను ఎల్‌స్పెత్తే గుంజింది. టక్కున ఊడింది. ముద్ర బయటికొచ్చింది. వేలెడు పొడవున కోలగా, ముదురు తేనె రంగులో. మధ్యలో కొంగ, మెడ నిటారుగా. ఎంత బాగా అతికించాడంటే స్నిగ్ధకు కూడా అతుకు వెతుక్కోవలసి వచ్చింది. ఆమె భూతద్దం దీపం సరిచేసి పట్టుకుంది. యేసుదాసు చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, సన్నటి ఉలిలాంటి కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి, వెనక పట్టీ మీద ఆనించాడు. మైనం పొట్టులా లేచింది. మళ్లీ ముంచాడు. మళ్లీ. ఇనాయత్ గుమ్మంలో నిలబడి పెదాలు కదుపుతున్నాడు. దువా చేస్తున్నాడో, తిడుతున్నాడో తెలియదు.

ఇరవై నిమిషాలు పట్టింది. కాగితం పొర చివర తేలగానే పట్టకారుతో పట్టుకుని లాగాడు. కొంగ మెడ దగ్గర ముద్ర రెండుగా విడిపోయింది. పాత అంచులు పాతగానే ఉన్నాయి. స్నిగ్ధ రెండింటినీ దీపం కింద తిప్పి తిప్పి చూసింది. ఒక్క చుక్క కొత్త మైనం లేదు.

ఎల్‌స్పెత్ ముక్కల్ని సంచిలో వేసి మూతి బిగించి చెవి దగ్గర ఊపింది.

టక్. టక్.

చిన్న చప్పుడు. చెక్కపెట్టెలో చింతగింజలు కదిలినట్టు. ఆవిడ కళ్లు మూసుకుని ఇంకా రెండుసార్లు ఊపింది. తర్వాత సంచిని యేసుదాసు చెవి దగ్గర పెట్టి ఊపింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"వాసన పోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అడిగింది స్నిగ్ధను.

"నెల. రెండు నెలలు కావచ్చు."

"ఉండనీ. దీనికి అడవి పొగ, కోట బూజు అన్నీ పట్టాయి ఒకప్పుడు." ఆవిడ ఖాళీ ఫారం తీసుకుని వెనక్కి తిప్పింది. "రావుగారూ, ఇందులో డ్రైవర్ పేరు రాస్తే నేను ఉత్తరం తీసుకుని రేపే వెళ్లిపోతాను. ఈయన్ని పంపించేసినా అంతే. రేపు సంచి తెరిచేటప్పుడు ఈయన నా పక్కన ఉండాలి. కానీ ఏం జరిగిందో మాత్రం రాసి ఉండాలి. మా పెట్టెలో మేరియొట ఉత్తరం పక్కన పెడతాను. లొంగిందీ విరిచిందీ ఆవిడే చెప్పుకుంది. ఇది ఈయనే చెప్పాలి, ఈయన మాటల్లో, ఈయన భాషలో. స్నిగ్ధా, నువ్వు రాయి. ఒక్క ముక్క కూడా సరిదిద్దొద్దు."

విశ్వేశ్వరరావు జేబులు తడుముకున్నాడు. తర్వాత బల్లమీది పెన్ను తీసి, మూత విప్పి, స్నిగ్ధకు అందించాడు. "ముదీర్‌కి నేను ఫోన్ చేస్తాలే," అన్నాడు ఎవర్నీ చూడకుండా. ఇనాయత్‌తో మాత్రం, "బండి ఆపిన సంగతి మనం రేపు మాట్లాడుకుందాం. పిల్ల పరీక్ష ఎట్టా రాసిందంట?" అన్నాడు.

యేసుదాసు కూర్చోనన్నాడు. నిలబడే చెప్పాడు.

"నా పేరు నేలపూడి యేసుదాసండి. మాది రాజోలు దగ్గర. మ్యూజియంలో వడ్రంగిని, వస్తువులకి స్టాండ్లు చేస్తానండి.

సోమవారం పొద్దున్న ఈ ఉత్తరాన్ని స్టాండు మీదికి ఎత్తుతున్నానండి. సంచి బల్ల అంచుకి తగిలింది. గట్టిగా కూడా కాదండి. లోపల టక్ మంది. చేత్తో తడిమితే రెండు ముక్కలు. నా గుండె ఆగిపోయిందండి. ఇరవయ్యేళ్లు చేసేనండి ఈ పని, ఒక గాజుగ్లాసు కూడా పగలగొట్టలేదు. అది ముందే ఇరిగుందని నాకేం తెలుసండి? నేనే ఇరగ్గొట్టేననుకున్నాను.

అప్పుడే స్నిగ్ధమ్మగారికి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదండి. అది నా తప్పు. మిగతా తప్పులన్నీ దాని ఎనక వచ్చినియ్యే.

సంచి విప్పేను. పాత ముద్రల్లో తేనెమైనం, చెట్టుబంక కలుపుతారని మేడమ్ ఒకసారి చెప్పేరు. ఏ చెట్టో నేను అడగలేదండి. ఇక్కడ చెట్టుబంకంటే లుబానే కదా. తెల్లది, మంచిది, సలాలా సరుకు కొన్నాను. తేనెపట్టు మైనం రుస్తాక్ నుంచొచ్చే తేనె ముసలాయన ఇచ్చేడు. సోమవారం, మంగళవారం, రెండు రోజులు పట్టింది. మంగళవారం సాయంత్రం ఆ కొంగని చూసుకుంటే... దేవుడు సాక్షి, నాకు సంతోషమేసిందండి. తప్పు దాచేనన్న సంగతి మర్చిపోయి, పని బాగా కుదిరిందని సంతోషపడ్డాను. ఇది కూడా రాయండి.

ఇంటికెళ్లి మణికుమారికి చెప్పలేదండి. ఆవిడ మొహం చూడగానే అడిగేసింది, ఏం చేసేవు అని. ఏం లేదన్నాను. అక్కడా అబద్ధమే.

ఇయ్యాల ఫోన్లో ఇనాయత్ పేరు ఇనగానే టాక్సీ దిగిపోదామనుకున్నానండి. నిజం చెబుతున్నాను. కొండ మలుపులో ఆపమన్నాను కూడా. ఆపేడు. తలుపు తీసేను. కుటుంబాలు రాకముందు ఆడూ నేనూ ఎనిమిదేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం, ఒకే గిన్నెలో వండుకున్నాం. ఆడి బిడ్డకి మొదటి పలక నేను చెక్కేను. తలుపేసి, పోనియ్యి బాబూ అన్నాను.

ఉత్తరం రాసినావిడ మంచి పని చేసిందండి. నేను చేసింది మంచి పనో చెడ్డ పనో నాకింకా తెలీదు. రేపు ఈవిడ పక్కన నిలబడమంటే నిలబడతాను. అడిగినోళ్లందరికీ ఇదే చెబుతాను. సంచి విప్పిన చేతులు ఇయ్యేనండి. ఈ కాగితంలో నా పేరు పక్కన ఇంకెవరి పేరూ ఉండకూడదు. ఎక్కడ పెట్టాలండి సంతకం?"